మేడ మీద ఆరిన నూడుల్స్

ఆదివారం పొద్దున ఆంజనేయ వేసుకున్న లెక్క చిన్నదే. గోధుమపిండి ఇంట్లో ఉంది, పొయ్యి ఉంది, తీరిక ఉంది. మధ్యాహ్నానికి నూడుల్స్ వండాలి, సౌభాగ్యకు పెట్టాలి, ఆమె తింటూ ఉండగా అడగవలసిన మాట అడిగేయాలి. పెట్టుబడి గుప్పెడు పిండి, రాబడి జీవితాంతం. నలభై దాటిన బ్రహ్మచారికి ఇంతకు మించిన బేరం తగలదు.

అతను శక్తినగర్ కరెంటు కార్ఖానాలో స్టోర్‌కీపరు. సౌభాగ్య అక్కడే టెలిఫోన్ ఆపరేటరు. బోల్టుల నిల్వ చెప్పడానికి అతను ఫోనెత్తితే, లైను కలిపేలోగా ఆమె వంటల సంగతి చెప్పేది. "ఈ వారం చైనా నూడుల్స్ చేసిన సార్. ఉడకబెట్టి కలిపితే అయిపాయె. మస్తు అల్కగైతది." తరువాతి వారం జపాను, ఆ పై వారం మలేసియా. వినీ వినీ ఒకరోజు అతనూ నోరు జారాడు. "మా ఇంట్ల గూడ ఆదివారమైతే నూడుల్సే." నిజానికి అతను నూడుల్స్‌ను చూసింది ప్యాకెట్ మీది బొమ్మలోనే.

"అట్లయితే ఈ ఆదివారం వస్త సార్. మళ్ల వీలుగాదు. బెంగళూరుకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. సోమవారం ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాలె."

శనివారం సాయంత్రం ఆంజనేయ రాయచూరు బజారంతా తిరిగాడు. ఒకే దుకాణంలో ప్యాకెట్లు దొరికాయి గానీ వాటిని ఎలుకలు ముందే రుచి చూశాయి. అయినా అతను సరుకు తెలిసినవాడు. నూడుల్స్ అంటే ఏమిటి? పొడుగాటి పిండి పోగు. శావిగె అంటే? ఇంట్లో మిషను మీద తిప్పుకునే సేమియా, అదీ పిండి పోగే. సంచీ మీద పేరు మారితే లోపలి సరుకు మారదు. తెల్లవారగానే ఎదురింటి హనుమవ్వ గడప దగ్గర నిలబడ్డాడు.

"అవ్వా, మీ శావిగె మిషను ఒక్క పూటకు కావాలె."

"చలికాలంల శావిగె ఏంది నాయనా?"

"ఇంటికి ఒకామె వస్తున్నది."

"ఎవరు?"

ఆంజనేయ సిగ్గుపడ్డాడు. ఆ రోజు పెరిగిన నష్టానికి మొదటి వాయిదా ఆ సిగ్గే.

పిండి పిసికి, మిషను పిడి తిప్పి, తీసిన పోగుల్ని వంటింట్లో ఫ్యాను కింద ఆరబెడదామనుకున్నాడు. కరెంటు పుట్టేది ఈ జిల్లాలోనే అయినా ఆదివారం ఉదయం అది ఊళ్లో ఉండదు. అందుకని మిషనుతో సహా మేడ ఎక్కి, బట్టల తాడు మీద ధోవతి పరిచి, దాని మీద పోగులు వేలాడదీశాడు.

ఆ వీధిలో శావిగె చేసుకునేది ఎండాకాలంలో. వేరే రోజుల్లో ఒక ఇంటి మేడ మీద శావిగె ఆరుతోందంటే ఆ ఇంట్లో పెండ్లి కుదిరిందనే అర్థం. అది కనిపించగానే చుట్టుపక్కల ఆడవాళ్లు తలా చేటెడు పిండి పట్టుకెళ్లి మిషను తిప్పి రావాలి. పిలుపు అక్కరలేదు. వెళ్లనివాళ్ల ఇంటి శుభకార్యానికి ఎవరూ చెయ్యి కలపరు. ఆ ఇంట్లో చివరి పెండ్లి అన్న నాగేశ్వరయ్యది. అప్పుడు గోలీలాడుకుంటున్న ఆంజనేయకు ఈ ఆడవాళ్ల పద్ధతి ఇప్పటికీ తెలియదు.

మొదట హనుమవ్వ వచ్చింది. ఆమె వెనుక వీధి వచ్చింది.

"ఏం ఆంజనేయా, మాకు చెప్పకనే మొదలుపెడితివా?"

"చెప్పాల్నా అవ్వా?"

"చెప్పకున్నా వస్తం తియ్. జరుగు, గిట్ల తిప్పితే పోగు తెగుతది."

నూడుల్స్ మీద ఊరికింత మోజు ఉందని అతనికి ఇన్నాళ్లూ తెలియదు. పని వాళ్లకు అప్పగించి, వంట చూసుకోవడానికి సంతోషంగా కిందికి దిగాడు. కాసేపట్లో తాడు నిండింది, మంచాలు నిండాయి, పక్కింటి మేడ మీద కూడా చీరలు పరిచారు.

సంగతి చివరగా తెలిసింది ఆ ఇంట్లోనే ఉన్న వదిన ఇందుమతికి. పత్తి దళారీ అయిన భర్త నాగేశ్వరయ్య పత్తి అమ్మే గంజ్ బజారు నుంచి రాగానే ఆమె గడపలోనే పట్టుకుంది.

"తమ్మునికి పెండ్లి ఖాయం జేసి నాకొక్క మాట చెప్పకపోతివి గద! నేనీ ఇంట్ల మనిషినా, మంచం కోడునా?"

నాగేశ్వరయ్యకు అంతకుముందే టాంగావాడు, మంగలి, సోడా దుకాణంవాడు శుభాకాంక్షలు చెప్పారు. ఆయనకూ ఏమీ తెలియదు. కానీ తెలియదని ఒప్పుకుంటే ఎదుటివాడు ధర మార్చేస్తాడని ఆయన భయం. అందుకే దారి పొడుగునా తల ఊపుతూ వచ్చాడు.

"చెప్దామనే వస్తున్న," అన్నాడు.

"ఏ ఊరి పిల్ల?"

మొన్న పత్తి చూడడానికి వెళ్లిన ఊరు నాలుక మీద ఉంది. "మాన్వి."

ఆ మాట మెట్లెక్కి మేడ మీదికి పోయింది. అంతటితో ఊరుకోలేదు ఆయన. ఇంతమంది వచ్చిపోతుంటే వాకిలి బోసిగా ఉంటే పరువు తక్కువని షామియానాకు కబురు పంపాడు.

వంటింట్లో ఆంజనేయకు ఇవేవీ వినిపించలేదు. అతని పోరాటం నలుపుతో. ప్యాకెట్ బొమ్మలో నూడుల్స్ నల్లగా ఉన్నాయి. ఆ నలుపు చింతపండుకు బెల్లం కలిపి మాడిస్తే వస్తుందని అతను అంచనా వేశాడు. వచ్చింది కూడా. ఇందుమతి తొంగిచూసి, "ఇదేంది, రోడ్డుకేసే డాంబరా?" అని ముక్కు మూసుకుంది.

సౌభాగ్య వచ్చేసరికి వాకిట్లో షామియానా గుంజలు పాతుతున్నారు. మెట్ల మీద ఆడవాళ్లు, అరుగు మీద మగవాళ్లు.

"నువ్వెవరమ్మా?" అంది హనుమవ్వ.

"సార్ ఆఫీసుల పనిజేస్త. నూడుల్స్ తిననీకి వచ్చిన."

"అట్లనా! మంచి దినమే వచ్చినవు. మా ఆంజనేయకు పెండ్లి కుదిరింది. మాన్వి పిల్ల."

సౌభాగ్య నవ్వు సగంలో ఆగింది. గరిటెతో బయటికి వచ్చిన ఆంజనేయను చూసి, "ముబారక్ సార్," అంది. "ఒక్క మాట చెప్పకపోతిరి."

"నాకు గూడ ఎవరూ చెప్పలే!" అన్నాడు ఆంజనేయ. గరిటెకు వండినదంతా ఒకే ముద్దగా వేలాడుతోంది.

ఆమె చెప్పులు వేసుకుంది. రేపు సంతకం, ఆ తరువాత బెంగళూరు. ఆంజనేయ గరిటెతోనే వాకిట్లోకి ఉరికాడు.

"పోకున్రి! పెండ్లీ లేదు, పిల్లా లేదు. మాన్విల నాకెవ్వరూ తెల్వరు. ఇదంత మీకోసం చేసిన. నేను నూడుల్స్ ఎన్నడు తినలే. అబద్ధం చెప్పిన. మీరా సంతకం పెట్టకున్రి."

మేడ మీద మిషను ఆగిపోయింది. గుంజ పాతేవాడు సుత్తి ఎత్తి అలాగే నిలబడ్డాడు. సౌభాగ్య వెనక్కి వచ్చింది. గరిటె మీది ముద్దలోంచి ఒక తునక తెంపి నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది.

"నూడుల్స్ గిట్లనే ఉంటయా సార్?"

"నన్నడుగుతరేంది! వారం వారం మీరే చేస్తిరి గద?"

"నేనేడ చేసిన! పాత పత్రికల చదివి చెప్తుంటి. లైను కలిసినంక మీరు బోల్టుల లెక్క చెప్పి పెట్టేస్తరు. కలవకముందే ఏమన్న మాట్లాడాలె గద. నాకొచ్చేది పప్పు, జొన్నరొట్టె."

హనుమవ్వ నెత్తి కొట్టుకుంది. "ఇద్దరికిద్దరు సరిపోయిన్రు. మరి మాన్వి పిల్ల ఏమాయె?"

వీధి మొత్తం నాగేశ్వరయ్య వైపు తిరిగింది. ఆయన గొంతు సవరించుకుని సౌభాగ్యను అడిగాడు.

"మీది ఏ ఊరమ్మా?"

"అరకేర."

"అద్గదీ! అరకేరకు పోవాలంటే మాన్వి బస్సెక్కి నడుమ దిగాలె. నేను బస్సు పేరు చెప్తే మీరు ఊరనుకున్నరు."

"అన్నా, నన్నింకా ఎవరూ అడగనే లేదు," అంది సౌభాగ్య.

ఆంజనేయ గరిటె అన్న చేతికిచ్చి, ఊరంతా వింటుండగా అడిగాడు. ఆమె ఒకే షరతు పెట్టింది. "ఈ నల్లది మళ్ల వండొద్దు."

సోమవారం ఆమె సంతకం పెట్టలేదు. మేడ మీది శావిగెను హనుమవ్వ పాలు, బెల్లం పోసి ఆ ఆదివారమే వండించి వీధి మొత్తానికి పెట్టింది. పెండ్లి కూడా నిలబెట్టిన షామియానా తీయకముందే ముహూర్తం చూసి జరిపించారు. ఆ దంపతులు ఇప్పుడు వీధిలో ఎవరికైనా చైనా వంట మీద సలహా ఇస్తారు, కానీ నూడుల్స్ ఎట్లా ఉంటాయో ఆ ఇంట్లో నేటికీ ఎవరికీ తెలియదు.