సప్పుడు చెయ్యని డిజిటల్ సెట్టు

మనశ్శాంతి కావాలా? అయితే సెకండ్ హ్యాండ్ డిజిటల్ వాకీటాకీ కొనండి! నమ్మకం కుదరకపోతే నిజామాబాద్‌లో టీవీలు బాగుచేసే మార్కండేయ సంగతి వినండి.

మార్కండేయకు హామ్ రేడియో లైసెన్సు ఉంది. అంటే సర్కారు అనుమతితో గాలిలో ముచ్చట్లు పెట్టుకునే మనిషి. మేడమీది యాంటెన్నాకు తగిలించిన పాత సెట్టు గర్‌గర్‌మంటూనే బోధన్‌లోని దోస్తు బాలన్నదాకా మాట మోసేది. ఆ గర్‌గరే మార్కండేయకు నచ్చలేదు. 2008లో పాత సెట్టు అమ్మేసి హైదరాబాద్ వెళ్లాడు. ఏదో హోటల్ సెక్యూరిటీ వాళ్లు వాడి వదిలేసిన డిజిటల్ సెట్టు చూపించాడు దుకాణదారు.

“డిజిటల్ సాబ్! గర్‌గర్ అని ఒక్క సప్పుడు గూడ రాదు.”

ఎంత నిజాయితీపరుడు! నిజంగానే ఒక్క సప్పుడూ రాలేదు.

దానిలో మన ఫ్రీక్వెన్సీ ఎక్కించాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. సాఫ్ట్‌వేర్ దొరికితే కేబుల్ లేదు. కేబుల్ దొరికితే అది దూరే కంప్యూటర్ లేదు. అన్నీ కుదిరాక సెట్టు పాస్‌వర్డ్ అడిగింది! మూడు నెలలు తిరిగి ఆ హోటల్ వాచ్‌మన్‌ని పట్టుకుంటే గానీ అది తెరుచుకోలేదు.

ఆ రాత్రే కొత్త సెట్టులో బాలన్నను పలకరించాడు మార్కండేయ. మర్నాడే బాలన్న ఫోన్ చేశాడు. “నీ మాట రాలే మార్కండేయా. పేలాలు ఏంచినట్టు సప్పుడచ్చింది.”

బాలన్న దగ్గరున్న పాతకాలం సెట్టుకు డిజిటల్ మాట ఎక్కడ అర్థమవుతుంది? పాపం, దోస్తు కోసం బాలన్న కూడా ఒక పాత డిజిటల్ సెట్టు కొన్నాడు. కంపెనీ వేరు. దాని భాషా వేరు. ఇక పేలాల చప్పుడు కూడా లేదు. పరమశాంతి!

ఆ వానాకాలం మంజీర నది పొంగింది. సెల్ టవర్లు, ఫోన్ లైన్లు పడిపోయాయి. సహాయ పనులు చూసే అధికారి మార్కండేయను పిలిపించాడు.

“మనం మాట్లాడేది బయటోళ్లు వింటరా?”

“ఎవ్వలు ఇనలేరు సర్.”

“బోధన్‌ల మన మనిషి?”

మార్కండేయకు తల కొట్టేసినట్టయింది. “ఆయన గూడ ఇనలేడు సర్.”

“శభాష్! గింత సీక్రెసీ పోలీసోళ్ల దగ్గర గూడ లేదు!” అంటూ అధికారి కాగితం చేతిలో పెట్టాడు. బోధన్ బడిలో తలదాచుకున్నవాళ్లకు అన్నం పొట్లాలు ఎన్ని కావాలో అడగాలి.

ఆకలిగొన్న పిల్లలు కళ్లముందు మెదిలారు. మార్కండేయ సెట్టు సంచిలో వేసుకుని బోధన్ బస్సెక్కాడు. బాలన్నతో కలిసి బడిలో ఒక్కొక్కరినీ లెక్కపెట్టి, సాయంత్రానికి ముద్దగా తడిసి తిరిగొచ్చాడు.

“నాలుగు వందల పన్నెండు సర్.”

అధికారి పొంగిపోయాడు. “చూసిండ్రా? డిజిటల్ అంటే గిది! పొద్దున అడిగితే పొద్దుగూకేలోపు జవాబు! గిసొంటియి ఇంకో ఇరవై తెప్పియ్యిండ్రి!”

మార్కండేయ చొక్కా పిండుకుంటూ అన్నాడు. “వాటితోటి ఇరవై బస్ పాసులు గూడ ఇప్పియ్యిండ్రి సర్.”