ఏడున్నర కీర్తన

సాలూరులో క్రమశిక్షణతో కూడిన దైవభక్తి ఎక్కడైనా ఉందీ అంటే, అది మా బావ విక్టర్ ఇంట్లో ఉదయం ఏడున్నరకు మాత్రమే ఉంది! ఈ మాట నేనన్నది కాదు. చర్చి సంఘ పెద్దలందరూ ముక్తకంఠంతో అన్నది.

ఆ భక్తి ఎలా పుట్టిందో నాకు తెలుసు. మా మేనకోడలు రూబీకి తొమ్మిదేళ్లు. క్షణం కుదురుగా ఉండదు, మొదలెట్టిన లెక్క ముగించదు. విశాఖపట్నం డాక్టరు చూసి, "దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు. మీ పెంపకం తప్పేం లేదు. రోజూ టిఫిన్ కాగానే బిళ్ళ వెయ్యండి, మరిచిపోకుండా ఫోన్లో అలారం పెట్టుకోండి" అన్నాడు. పెట్టుకున్నారు. కొన్నాళ్లకు పిల్ల ఒకచోట కూర్చుని పేజీ మొత్తం చదివింది. మా అక్క కృపారాణి సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

అయితే బావ లారీ బుకింగ్ ఆఫీసు యజమాని, పైగా సంఘానికి కార్యదర్శి. అంతటివారింట్లో ఇలాంటి జబ్బు ఉండటం మర్యాద కాదు. అందుకని అలారానికి కీర్తన తగిలించాడు.

ఒకరోజు అది మోగేసరికి ఎదురింటి ఎలీసమ్మగారు, మనవడు ఎజ్రాతో సహా, హాల్లో కూర్చుని ఉన్నారు.

"ఏటి బాబూ ఆ పాట?"

"మా ఇంట్లో ప్రార్థన వేళ పిన్నీ" అన్నాడు బావ, తడుముకోకుండా.

అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆ సందులో అక్క రూబీ నోట్లో బిళ్ళ వేసేసింది. ఏర్పాటు దివ్యంగా ఉంది!

వారం తిరక్కుండా బావ పేరు ఊరంతా పాకింది. ఎలీసమ్మగారు రోజూ మనవణ్ణి వెంటబెట్టుకుని రాసాగారు. "ప్రార్థన లేని కొంపల్లోనే పిల్లలకి బుర్ర కుదురుండదు బాబూ. మనిళ్ళల్లో అలాటివి ఉండవు" అనేవారు. బావ గంభీరంగా తలూపేవాడు. ఆ తర్వాత చాపలొచ్చాయి, హార్మోనియం వచ్చింది. బావ ప్రార్థన లారీ స్టాండుతో మొదలై, జిల్లా దాటి, ప్రపంచశాంతి దాకా నడిచేది. అక్క పాట ఎత్తుకోవాలి, వచ్చినవాళ్ళందరికీ టీ పెట్టాలి. అలారం ఒక్క పూటా తప్పలేదు. బిళ్ళ మాత్రం తప్పడం మొదలైంది.

బడినుంచి కబురొచ్చింది. రూబీ మళ్ళీ పాఠం మధ్యలో లేచి వెళ్ళిపోతోందట, ఇలాగైతే పరీక్షలో కూర్చోబెట్టలేమన్నారట. నాకు ఒళ్ళు మండింది.

"బావా, ఆ అలారం దేనికెట్టావో గేపకముందా?"

"మెల్లగా మాటాడ్రా. హాల్లో జనం ఉన్నారు" అన్నాడు.

మర్నాడు బావ ప్రపంచశాంతిని సమీపిస్తుండగా రూబీ గొంతు వినిపించింది.

"నాన్నా, నా బిళ్ళ ఏదీ? అలారం మోగి సానా సేపయిపోనాది. అదెయ్యకపోతే నాకు సదువెక్కదు. పరీక్ష రాయనివ్వరంట."

ఎవరూ కళ్ళు తెరవలేదు. తెరిస్తే విన్నట్టు లెక్క! బావ గొంతు పెంచి ఆఫ్రికా ఖండం కోసం ప్రార్థించసాగాడు. అక్క మాత్రం పాటల పుస్తకం పక్కన పడేసి లేచింది. బీరువాలోంచి బిళ్ళ తెచ్చి, అందరి మధ్యా పిల్ల చేతిలో పెట్టి, గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది.

అప్పుడు ఎలీసమ్మగారు ఒక కన్ను తెరిచారు. అటూ ఇటూ చూసి కొంగుముడి విప్పారు. అందులో అదే రకం బిళ్ళల అట్ట ఉంది.

"ఒసే రూబీ, ఆ గ్లాసులో నీళ్ళు కాసిన్ని ఉంచమ్మా. మా ఎజ్రాగాడికీ ఎయ్యాల. ఇంటికాడైతే ఎవులో ఒకరు సూసేత్తారు. అందరూ కళ్ళు మూసుకుంతారనే గదా, రోజూ ఈడ్ని ఇక్కడికి తెస్తన్నాను."