అటక మీద గల్లంతు

గోడలకు సున్నం వేసే రోజు రానే వచ్చింది. గడియారాలు బాగుచేసే మన భర్తగారు ఎంతటి పనినైనా వాయిదా వేయగల ఘనుడు. పాపం, ఈసారి వాయిదాలన్నీ అయిపోయాయి. భార్య బకెట్ కోసం పెరట్లోకి వెళ్ళగానే, వారపత్రిక చంకన పెట్టుకుని నిచ్చెనెక్కి అటక మీదకు చేరుకున్నాడు.

"ఏమండీ!" అని భార్య మూడుసార్లు పిలిచింది. అటక ఊపిరి బిగబట్టింది.

"అల్లుడుగారు ఎం.ఐ.ఏ., అమ్మాయ్," అన్నారు మామగారు. సైన్యం రికార్డుల ఆఫీసులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసిన మనిషి. కళ్ళజోడు కనబడకపోయినా, పిల్లి ఇంటికి రాకపోయినా ఎం.ఐ.ఏ. అనేస్తారు.

"అసలు అంటే ఏంటి నాన్నా?"

"యుద్ధంలో గల్లంతు. చనిపోయినవాళ్ళలో లేడు, గాయపడ్డవాళ్ళలో లేడు, శత్రువుకు చిక్కాడన్న కబురూ లేదు. అలాంటివాడి సామాను జాబితా రాసి భద్రంగా దాచాలి. ఎవరూ ముట్టుకోకూడదు."

పైన భర్తగారి మనసు కుదుటపడింది. ఆయన ప్రాణమంతా పడకకుర్చీలోనే ఉంది. దాన్ని పక్కింటి టైలర్‌కు ఇచ్చేస్తానని భార్య నెలరోజులుగా బెదిరిస్తోంది.

"మరి ఇంట్లోవాళ్ళు?"

మామగారి గొంతు తగ్గింది. "ఎదురుచూస్తారమ్మా. ఒకావిడ పదకొండేళ్ళు నెలనెలా ఉత్తరం రాసింది. ఇంకా ఏ సమాచారమూ లేదని జవాబు రాయడం నా పని."

భర్తగారికి పత్రికలో ఒక్క అక్షరమూ బుర్రకెక్కలేదు. నిజంగానే సిగ్గేసింది. దిగిపోదామనే అనుకున్నాడు.

"అయితే ఆ మాట మా ఆయనకొద్దు నాన్నా," అంది భార్య. "అది చాలా పెద్ద మాట. ఈయన ఆకలేస్తే తనే వస్తాడు. పని చూసి పారిపోయినవాణ్ణి ఏమంటారు?"

"పరారీ."

"వాడి సామాను?"

"జప్తు."

"అయితే టైలర్‌గారిని కేకెయ్యి. కుర్చీ పట్టుకెళ్తాడు."

కింద కుర్చీ కిర్రుమని జరిగింది.

"పరారీ కాదే! ఇక్కడే ఉన్నా! దొరికిపోయా!" అంటూ భర్తగారు తల బయటపెట్టాడు. నిచ్చెన లేదు. ఇందాక దాన్ని జరిపిన చప్పుడు విని, భార్య సున్నం కోసం తీసుకెళ్తోంది కాబోలని ఊరుకున్నాడు మరి.

"మీరెక్కడున్నారో ఆ నిచ్చెనే చెప్పింది లెండి. దొరికినవాడు ముందు ఏం చేయాలి నాన్నా?"

"వెంటనే డ్యూటీలో చేరాలి."

భార్య పొడుగు చీపురు పైకి అందించింది. "ఎలాగూ పైనే ఉన్నారుగా, అటకంతా దులిపేసి పిలవండి. నిచ్చెన వేస్తాను."

"మరి గోడల సంగతి?" అన్నాడాయన, అవైనా తప్పుతాయేమోనన్న ఆశతో.

"మీరు దిగేదాకా ఉంటాయి. అవేం మీలా మాయమయ్యే రకం కాదు."