ఫెయిలైనట్టు కాగితం

వన్ టౌన్ దర్జీ ఫక్రుద్దీన్ ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి ద్వారకా నగర్‌ ఆఫీసులో అర్జీ ఇచ్చేసి, పదకొండుకల్లా తిరిగొచ్చి గౌరీశ్వరి టీచరమ్మ జాకెట్లు పూర్తి చేయాలి.

ప్రభుత్వ ఉపాధి శిక్షణ కేంద్రంలో కుట్టు నేర్పే ఉద్యోగానికి అర్జీ అది. రెడీమేడ్ బట్టలొచ్చాక ఆయన దుకాణంలో ఈగలు తోలుకోవడమే పనైంది. ఈ ఉద్యోగం దొరక్కపోతే ఏడాది తిరిగేలోగా దుకాణం మూసుకోవాల్సిందే. పదో తరగతి పాసైనవాళ్లకే ఇస్తారట. ముప్పయ్యేళ్ల అనుభవం ఉన్నవాళ్లు మాత్రం చదువు నుంచి మినహాయింపు కోరవచ్చునని ప్రభుత్వం దయతలచింది.

గుమాస్తా గురునాథరావు అర్జీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“బాగానే ఉంది గానీ బాయ్, నువ్వు టెన్త్ పాసవ్వలేదని రుజువేటి?”

“సదవనోడికి కాగితం ఎవరిత్తారు సార్?”

“నోటిమాట ఫైల్లో పెట్టగలమేటి?”

“మీ ఒంటిమీద సొక్కా నాను కుట్టిందే కదా!”

“సొక్కా బాగుంది. దానికి సీలు లేదు.”

ఫక్రుద్దీన్ తాను అయిదో తరగతిలో మానేసిన బడికి పరుగెత్తాడు. అక్కడి హెడ్మిస్ట్రెస్ గౌరీశ్వరి టీచరమ్మే. జాకెట్లు రాలేదని అసలే మండిపడుతోంది.

“ఇక్కడ మానేసినావని రాసిత్తాను. తర్వాత ఇంకెక్కడా పాసవ్వలేదని నాకేటి తెలుసు?” అంది. అంతలోనే జాలిపడి ఉపాయం కూడా చెప్పింది. “దూరవిద్యలో పరీక్షకి కట్టు. తెల్లకాగితం ఇచ్చి వచ్చీయ్. ఫెయిలైనావని గవర్నమెంటే ముద్రేసి ఇస్తాది.”

గురునాథరావుకు ఈ ఉపాయం తెగ నచ్చింది. అర్జీని పై ఆఫీసుకు పంపి, ఫెయిలైన మెమో తర్వాత జతచేస్తానన్నాడు.

పరీక్షహాల్లో ఫక్రుద్దీన్ నంబరు వేసి చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఇన్విజిలేటరు గవర్రాజు బెంబేలెత్తిపోయాడు.

“ఏటి బావా, రాయవేటి?”

“నాను ఫెయిలవ్వాలండి.”

“నీ ఒక్కడి కోసం మా సెంటర్‌కి నూటికి నూరు పాసు పోగొడతావా? పైవోళ్లు మమ్మల్ని బతకనిత్తారా?”

గవర్రాజు జవాబులు చెప్పాడు. ఎదుటివాళ్లు గట్టిగా చెబితే కాదనలేని ఫక్రుద్దీన్ తలవంచుకుని రాశాడు. ఆరు పరీక్షలూ అలాగే గడిచాయి. ఫస్టు క్లాసు వచ్చింది.

ఆయన భార్య మదీనా బీ వీధంతా మిఠాయి పంచింది. “యాభై మూడేళ్లకి పాసైనారు, ఏడుత్తారేటండీ! ఆ ఉద్యోగానికి కావల్సింది పాసే కదా?”

ఫక్రుద్దీన్‌కు అప్పుడు బుర్ర వెలిగింది. నిజమే, ఇక మినహాయింపుతో పనేముంది? మెమో పట్టుకుని ద్వారకా నగర్‌కు ఆటో ఎక్కాడు.

గురునాథరావు నవ్వుతూ ఎదురొచ్చాడు. “నీ అర్జీ ఒప్పీసుకున్నారు బాయ్! టెన్త్ పాసవ్వనోడికి మినహాయింపు ఇచ్చీసినారు. ఏదీ, ఫెయిల్ మెమో?”

మెమో చూడగానే ఆయన మొహం మాడిపోయింది. “పాసైపోనావేటి? పాసైనోడికి మినహాయింపు సెల్లదు.”

“అయితే పాసైనోడిగానే ఇచ్చీయండి సార్.”

“పాసైనోళ్ల అర్జీలకి గడువు మార్చిలోనే అయిపోనాది. పైగా పాసవ్వలేదని సంతకం పెట్టి పాసైనావు. సంజాయిషీ రాయాల.”

ఫక్రుద్దీన్ మెమోను బల్లమీద పడేశాడు. “సదువు లేదని ఓపాలి తోసీసినారు. సదువుందని ఇప్పుడు తోసేత్తన్నారు. ముప్పయ్యేళ్లు మిషన్ తొక్కినాను, ఒక్కరైనా నన్ను కుట్టి సూపించమన్నారా సార్?”

గురునాథరావు మనసు కరిగింది. బీరువాలోంచి కొత్త ఫారం తీశాడు. “పాసైనందుకు మినహాయింపు కోరతా అర్జీ పెట్టు బాయ్. పాస్ మెమో జిరాక్సు జత సెయ్యి సాలు.”

మరుసటి వారమే దుకాణానికి తాళం పడింది. అర్జీ మాత్రం పై ఆఫీసులో భద్రంగా ఉంది. కావలసిన కాగితాలన్నీ ఉన్న అర్జీ ఇన్నాళ్లకు ఒకటి వచ్చిందని అక్కడ అందరూ మెచ్చుకున్నారట.