ఎనిమిదిన్నర సెంటీమీటర్లు

సోమవారం పొద్దున గుమాస్తాగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు కాస్త ముందుగా వెళ్లాలి. ఎవరూ రాకముందే తన అరచేయి వెడల్పు సరిగ్గా కొలుచుకోవాలి. సాయంత్రం వచ్చేటప్పుడు సైకిలుకు గ్రిప్పులు కొనుక్కోవాలి. అంతకు మించి ఆయన ఈ లోకాన్ని ఏమీ అడగలేదు.

గుమాస్తాగారు నీటి మీటర్ల ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నారు. రోజూ పదకొండు కిలోమీటర్లు సైకిలు తొక్కుతారు. ఈమధ్య సైకిలు దిగేసరికి రెండు చేతుల్లోనూ ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కి, ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు వేలాడుతున్నాయి. మామూలు రోజుల్లోనైతే ఆ నాలుగు వేళ్లు లేకపోయినా నీటి మీటర్ల ఆఫీసు నడిచిపోతుంది. కానీ శుక్రవారం పదింటికి టైపు పరీక్ష. నిమిషానికి ముప్ఫై మాటలు కొట్టలేని గుమాస్తాలను నేలమాళిగలోని పాత రికార్డుల గదికి పంపిస్తామని ఆర్డరు వచ్చింది. అక్కడికి దిగినవాళ్లు మళ్లీ పైకి వచ్చేది రిటైరయ్యాకే. గుమాస్తాగారి సీటేమో మూడో అంతస్తులో, కిటికీ పక్కన. ఆ కిటికీ అంటే ఆయనకు ప్రాణం.

"ఈ నాలుగు రోజులూ బస్సులో వెళ్లొచ్చుగా," అంది భార్య.

"పదేళ్లుగా బస్సెక్కేవాళ్లని వెక్కిరించాను. ఇప్పుడు వాళ్ల పక్కన ఏ మొహం పెట్టుకుని కూర్చోను?"

ఆదివారమే ఆయన నడుచుకుంటూ వెనక వీధిలోని సైకిలు షాపుకు వెళ్లి, అరచేతికి ఆనుకునేలా వెడల్పుగా ఉండే కొత్తరకం గ్రిప్పులు అడిగారు. షాపతను వెంటనే ఇవ్వలేదు.

"సైజు చూసి వేసుకోవాలి సార్. పెద్ద చేతికి చిన్నది వేస్తే నరం నొక్కేస్తుంది. చిన్న చేతికి పెద్దది వేస్తే మణికట్టు పట్టేస్తుంది. బొటనవేలు వదిలేసి అరచేయి అడ్డంగా కొలవండి. ఎనిమిదిన్నర సెంటీమీటర్ల లోపుంటే చిన్న సైజు, పైనుంటే పెద్ద సైజు."

"సరిగ్గా ఎనిమిదిన్నరే ఉంటే?"

"అలాంటి చేయి నేనింతవరకూ చూళ్లేదు సార్. ఏదీ, ఇలా ఇవ్వండి, కొలుస్తా."

షాపతని చేతులు మోచేతుల దాకా గ్రీజులో ఉన్నాయి. ఇంట్లో కొలుచుకుంటానని గుమాస్తాగారు చేయి జేబులో పెట్టుకుని వచ్చేశారు. అక్కడే ఆయన కొంప మునిగింది.

ఇంట్లో భార్య మొదలు విరిగిన స్కేలుతో కొలిచింది. తొమ్మిది వచ్చింది. విరిగిన ముక్క కింద ఉజ్జాయింపుగా ఒకటి తీసేసి ఎనిమిదంది. అత్తగారు ఊరుకోలేదు. ఆవిడ నలభై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి. టేపు అడ్డంగా పట్టి తొమ్మిదని తేల్చింది.

"తొమ్మిదెలా వచ్చిందండీ?" అన్నారు గుమాస్తాగారు.

"కుట్టులోకి అర సెంటీమీటరు వదిలాను అల్లుడుగారూ. రేపు చేయి కాస్త ఒళ్లు చేసినా బిగుతు కాదు."

అందుకే సోమవారం ఆఫీసు స్టీలు స్కేలును ఆశ్రయించాల్సి వచ్చింది. తెల్లకాగితం మీద చేయి పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి, కొలిచారు. సరిగ్గా ఎనిమిదిన్నర. మూడుసార్లు కొలిచినా అంతే. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. బొమ్మ కింద, "అరచేయి వెడల్పు 8.5 సెం.మీ. చిన్నదా, పెద్దదా తేల్చవలెను" అని రాసుకున్నారు. చేతిలోని కాగితం మీద సంతకం, తేదీ వేయకుండా ఉండటం ఆయనకు చేతకాదు. అవీ వేశారు. ఇంతలో సూపరింటెండెంటు పిలిస్తే, ఆ కాగితాన్ని దొరికిన ట్రేలో పడేసి పరుగెత్తారు.

అది టపా ట్రే. ఆ ఆఫీసులో సంతకం, తేదీ ఉన్న కాగితం టపా ట్రేలో కనబడితే దానికి నంబరు పడి తీరుతుంది. చదవడం తన పని కాదని, ఆ నంబర్లు వేసే టపా మేడమ్ చేరిన రోజే చెప్పేసింది. చేతి బొమ్మకు నంబరు పడింది, ముద్ర పడింది, ఎర్ర తాడు కట్టిన ఫైలులో సూపరింటెండెంటు బల్ల మీదికి చేరింది.

సూపరింటెండెంటు దాన్ని చాలాసేపు చూశాడు. 'ఇదేమిటి?' అని కిందివాళ్లను అడగడం ఆయన పద్ధతి కాదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది. అందుకే అలవాటైన చోట అలవాటైన మాట రాశాడు: "ఒక్కరిదే ఏల? సిబ్బంది అందరివీ తెప్పించుడు."

మంగళవారం సర్క్యులరు వచ్చింది. నలభై ఆరుగురూ కుడిచేతి బొమ్మ గీసి, వెడల్పు వేసి, గురువారంలోగా సమర్పించాలి. గుమాస్తాగారు అది చదివి గోడ పట్టుకున్నారు. తర్వాత టపా మేడమ్ దగ్గరికి పరుగెత్తారు.

"మేడమ్, ఆ కాగితం నాది."

"తెలుసండీ, సంతకం ఉందిగా."

"పొరపాటున పడింది. వెనక్కిచ్చేయండి."

"నంబరు పడ్డాక అది ఆఫీసుది. కావాలంటే వెనక్కిమ్మని అర్జీ రాయండి. దానికీ నంబరేస్తాను."

అక్కడి నుంచి సూపరింటెండెంటు గదికి వెళ్లారు. "సార్, ఆ చేతి బొమ్మ... అది నా సైకిలు కోసం సార్."

సూపరింటెండెంటు తలుపు వేసి వచ్చి, గొంతు తగ్గించాడు. "పైనుంచి మీకు ముందే తెలిసిందన్నమాట. ఈ చేతుల వ్యవహారం ఎక్కడిదాకా వెళ్తుందండీ?"

"ఎక్కడికీ వెళ్లదు సార్! సైకిలు గ్రిప్పుల కోసం!"

"భేష్. బయట ఎవరడిగినా అదే చెప్పండి."

మధ్యాహ్నానికల్లా ఆఫీసంతా గుప్పుమంది. చిన్న చేతులవాళ్లను నేలమాళిగకు, పెద్ద చేతులవాళ్లను ఎండలో మీటర్లు చదవడానికి పంపిస్తారట. కూర్చున్న చోట కూర్చోవాలంటే ఎంత చేయి ఉండాలో ఎవరికీ తెలియదు. అందుకే ఎవరి జాగ్రత్త వాళ్లు పడ్డారు. ఒకాయన చేయి ఉబ్బాలని వేడినీళ్లలో ముంచి కూర్చున్నాడు. పక్కాయన ముడుచుకోవాలని మంచునీళ్లలో ముంచాడు. కాసేపటికి ఇద్దరికీ అనుమానం వచ్చి నీళ్లు మార్చుకున్నారు. ఫోను ఎత్తే చేయి ఖాళీగా ఉన్నవాడు ఒక్కడూ లేడు. నీళ్లు రావడం లేదని ఫోను చేసినవాళ్లు చేసి చేసి విసిగిపోయారు.

బుధవారం ఉద్యోగుల సంఘం నాయకుడు బల్లెక్కాడు. "ఈ చేయి నాకు మా అమ్మానాన్నలిచ్చారు! దీన్ని కొలిచే హక్కు ఎవరికుంది?" అంటూ చేయి పైకెత్తాడు. తొమ్మిదిన్నర ఉంటుందని ముందు వరుసవాళ్లు చూపుతోనే లెక్కగట్టారు.

గుమాస్తాగారు ఆ గుంపులో నిలబడి, తన వేళ్లను ఒకదాని తర్వాత ఒకటి గిల్లి చూసుకుంటున్నారు. చిటికెన వేలు పలకడం లేదు. ముందురోజు టైపు చేసి చూసుకుంటే నిమిషానికి పందొమ్మిది మాటలు వచ్చాయి. అందులో ఏడు మాటలు ఏ భాషవో తెలియలేదు. గ్రిప్పులు లేకపోతే కిటికీ లేదు. సైజు తేలకపోతే గ్రిప్పులు లేవు. ఆయనకు నిజంగానే భయమేసింది.

గురువారం ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుంది. మొదటి కాగితం ఆయనదే కాబట్టి మొదటి చేయి కూడా ఆయనదే. ఇద్దరు సాక్షుల ఎదుట కొలిచారు. ఎనిమిదిన్నర. సర్క్యులరులో చిన్నవి, పెద్దవి అని రెండే గళ్లున్నాయి. కమిటీ నలభై నిమిషాలు తన్నుకుని, చివరికి "మధ్యస్థము" అని ముద్ర వేసి ధ్రువపత్రం చేతిలో పెట్టింది.

సాయంత్రం గుమాస్తాగారు ఆ పత్రం జేబులో పెట్టుకుని, సైకిలు మీదే షాపుకు వెళ్లారు. షాపతను చేతులు తుడుచుకుని మరీ చదివాడు.

"ముద్ర బాగా పడింది సార్. కానీ మధ్య సైజు ఎవరూ తయారు చేయరు."

గుమాస్తాగారు అక్కడున్న పాత టైరు మీద కూలబడ్డారు. షాపతను మాత్రం ఆయన్ని వదిలేసి సైకిలు వైపు చూస్తున్నాడు.

"సీటు ముక్కు ఇలా కిందికి వాలిందేంటి సార్? ముందుకు జారి, మీ బరువంతా చేతుల మీదే పడుతోంది. వేళ్లు తిమ్మిరెక్కక ఏమవుతాయి? దీనికి గ్రిప్పులేం చేస్తాయి?"

పానాతో రెండు తిప్పులు తిప్పి సీటు సమం చేశాడు. అంతే.

శుక్రవారం పదకొండు కిలోమీటర్లూ తొక్కి దిగేసరికి పది వేళ్లూ గుమాస్తాగారివే. ఆయన పట్టలేని సంతోషంతో మూడంతస్తులూ మెట్లెక్కి, పరీక్ష గది తలుపు తోశారు. తాళం వేసి ఉంది. పక్కనే నోటీసు అంటించి ఉంది. సిబ్బంది చేతులు రకరకాల సైజుల్లో ఉన్నట్టు ఆఫీసు రికార్డుల్లోనే రుజువైనందున, అందరికీ ఒకే కీబోర్డుతో పరీక్ష పెట్టడం అన్యాయమని సంఘం అభ్యంతరం చెప్పింది. అందుచేత టైపు పరీక్ష శాశ్వతంగా రద్దు. టైపు రాలేదని ఇక ఎవరినీ కిందికి పంపరు.

గుమాస్తాగారు నోటీసును ముద్దు పెట్టుకోబోతుండగా సూపరింటెండెంటు వచ్చి భుజం తట్టాడు.

"మీకు విడిగా శుభవార్త ఉందండీ. హస్త పరిమాణ విభాగమని కొత్తది పెట్టాం. మిగతా ఆఫీసుల చేతులు కూడా ఇక్కడికే వస్తాయి. దానికి పెద్ద మీరే."

"నా సీటు మాత్రం ఆ కిటికీ పక్కనేగా సార్?"

"అన్ని చేతుల్ని ఇక్కడెక్కడ పెడతామండీ? నేలమాళిగలో అయితే బోలెడంత జాగా ఉంది."

"సార్, నన్ను పైనే ఉంచండి! నాకు టైపు వచ్చు! చూడండి!" అంటూ గుమాస్తాగారు పరుగున వెళ్లి తన సీటులోకి దూకి, ఎదురుగా ఉన్న కాగితమంతా టకటకా కొట్టేశారు. సూపరింటెండెంటు గడియారం చూస్తూ నిలబడ్డాడు. నిమిషానికి నలభై ఒక్క మాటలు, ఒక్క తప్పూ లేదు.

"అద్భుతం!" అని మనస్ఫూర్తిగా మెచ్చుకుని, బదిలీ ఆర్డరు ఆ చేతుల్లోనే పెట్టాడు.

హస్త పరిమాణ విభాగంలో పనంతా పెన్సిలుతోనే.