పెట్టె కింద ఎరుపు

వడ్రంగి మేస్త్రి భార్య పెరట్లో తాడు మీద తెల్ల దుప్పట్లు ఆరేస్తోంది. మూడు అయ్యాయి, ఇంకొకటి బకెట్లో ఉంది. పక్కనే షెడ్డులో మేస్త్రి, కిటికీ దగ్గరున్న కొత్త బల్ల మీంచి పనిముట్ల పెట్టె దింపాడు. పది గంటలకు టీచరమ్మ బల్ల చూసుకోవడానికి వస్తుంది. గుడ్డతో ఒకసారి తుడిస్తే ఇక పని లేదు.

పెట్టె ఉన్న చోట బల్ల నిప్పుకణికలా ఎర్రగా ఉంది. మిగతాదంతా గోధుమరంగు.

అది ఆఫ్రికా నుంచి వచ్చిన పడాక్ చెక్క. గట్టిది, వంకర తిరగదు, చెదలు దాని జోలికి రావు. నెల కిందట భార్య అన్నగారి కలప అడితిలో కొన్నాడు. ఆయన ఏదో చెప్పబోతే, "ముప్పై ఏళ్లుగా చెక్కతో కాపురం చేస్తున్నాను, నాకు చెప్తావా బావా?" అని నోరు మూయించాడు కూడా.

"చూశావా మీ అన్న నిర్వాకం! రంగు పూసిన చెక్క అంటగట్టాడు. పెట్టె కింద రంగు నిలిచింది, మిగతాది వెలిసిపోయింది!"

"మా అన్నయ్యా? సొంత ఇంటి గోడలకి రంగు వేయించడానికే నాలుగేళ్లు ఆలోచించాడు. చెక్కకెక్కడ వేస్తాడండీ?"

"నువ్వూరుకో."

స్పిరిట్ సీసా, ఓ తెల్లగుడ్డ తీసుకుని మేస్త్రి అడితికి వెళ్లాడు. అక్కడ ఇద్దరు బేరగాళ్లు చెక్కలు చూస్తున్నారు. బావగారు కుర్చీ లాగి, "రా బావా, కూర్చో" అన్నాడు.

"కూర్చోడానికి రాలేదు. దొంగ సరుకు అమ్మినవాడి కుర్చీలో నేను కూర్చోను!"

"అదేం మాట? ఎండ తగిలితే ఆ చెక్క..."

"ఎండకి వెలిసేది బట్ట, చెక్క కాదు!"

గుడ్డ మీద స్పిరిట్ పోసి, అక్కడే ఉన్న పడాక్ చెక్కని గట్టిగా రుద్దాడు. గుడ్డ ఎర్రబడింది. మేస్త్రి దాన్ని ఎత్తి అందరికీ చూపించాడు. బేరగాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని చెప్పులేసుకున్నారు. బావగారు లాగిన కుర్చీని మళ్లీ గోడకు చేర్చి, దాని వైపే చూస్తూ నిలబడ్డాడు.

మేస్త్రి గెలిచినవాడిలా ఇంటికొచ్చాడు. టీచరమ్మ వచ్చేలోపు పైపొర తీసేసి లోపలి అసలు రంగు చూద్దామని చిత్రిక పట్టాడు. ఎరుపు వచ్చింది. పూసిన రంగు లోపలికి ఇంకిందేమో అనుకుని ఇంకాస్త లోతుగా పట్టాడు. ఇంకా ఎరుపు. బల్ల కాలు అడుగున ఉలితో చెక్కాడు. అక్కడా ఎరుపే.

ఉలి పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. రంగు ఎవరూ పూయలేదు, చెక్కదే. కానీ చేతులు ఊరుకోలేదు. కనీసం రెండు రంగులూ కలపాలని గరుకు కాగితంతో బల్లంతా రుద్దసాగాడు. ఎర్రటి పొడి లేచి కిటికీలోంచి పెరట్లోకి వెళ్లింది. నాలుగు తడి దుప్పట్లూ దాన్ని హాయిగా పట్టుకున్నాయి.

"ఏవండీ!" అని భార్య కేక వేసేసరికి టీచరమ్మ గుమ్మంలో ఉంది.

"అయ్యో మేస్త్రి గారూ, ఎందుకు గీకేశారు? మొన్న ఇటు వెళ్తూ కిటికీలోంచి చూశాను, చక్కగా గోధుమరంగు తిరిగింది. నాకు కావలసింది అదే!"

"మీకు... రంగు మారుతుందని తెలుసా అమ్మా?"

"మీ బావగారే చెప్పారు, వెలుతురు తగిలితే నెలలో మారిపోతుందని. మరి మేస్త్రికి చెప్పనా అంటే నవ్వారు. 'మా బావకి తెలియని చెక్కుందా అమ్మా! చెప్తే నన్నే తిడతాడు' అన్నారు."

భార్య ఎర్ర దుప్పటి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"అన్నయ్యతో ఏమన్నారు?"

మేస్త్రి గరుకు కాగితాన్ని మడత మీద మడత పెట్టసాగాడు.

"ఎవరైనా ఉన్నారా అక్కడ?"

అతను రెండు వేళ్లు చూపించాడు.

టీచరమ్మ తలుపు వైపు చూస్తూ, "పోనీలెండి, ఇంకో నెల ఎండలో ఉంచితే సరి" అంది. ఆ మంచి మాటతో అతను ఇంకాస్త కుంచించుకుపోయాడు.

స్పిరిట్ గుడ్డ జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. చేతులు కడుక్కోలేదు, చొక్కా దులుపుకోలేదు. ఇద్దరి మధ్యనుంచీ గుమ్మం దిగి అడితి వైపు నడిచాడు.

దారిలో చూసినవాళ్లు మాత్రం, ముఖం మీది ఎరుపంతా చెక్కపొడిదే అనుకున్నారు.