తంబూరాకు ఒడిబియ్యం

ఆదివారానికి ఎల్లన్న వేసుకున్న పథకం సీదాసాదాది. నాలుగింటికి లేవడం, ఆరింటికి చంద్రపూర్‌లో కారెక్కడం, మధ్యాహ్నం నాగపూర్‌లో విమానమెక్కడం, సాయంత్రానికి హైదరాబాదులో గురువు ముందు తంబూరా దించడం. హైదరాబాదు దక్షిణాన ఉంటే ఈయన ఉత్తరానికెందుకు పోతున్నాడని ఎవరికైనా అనుమానం వస్తుంది. బల్లార్‌పూర్‌లో రైలెక్కితే సరిపోయేది కదా. కానీ పోయిన ఏడాది భజనకు పోతుంటే రైల్లో ఒక పెద్దమనిషి మంచి దిండు దొరికిందనుకుని తంబూరా బుర్ర మీద తల పెట్టి పడుకున్నాడు. కాజీపేట దాకా ఎల్లన్న ఆ తలకాయను రెండు చేతులతో ఎత్తిపట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజే రైలుకు దండం పెట్టేశాడు.

అసలు ఆ తంబూరా ఎల్లన్నది కాదు. బొగ్గుగనిలో రిటైరైన భజన గురువు అంజన్న, ముప్పై ఏళ్ల కింద హైదరాబాదులో కూతురింటికి పోతూ ఒప్పజెప్పి పోయాడు. ఇప్పుడాయనకు తొంభై. పోయిన వారం ఫోన్ చేసి, "తీస్కరా, ఒకసారి చూస్త. పగులు లేకుంటే ఇగ అది నీదే. ఉన్నదా, ఈడనే పెట్టిపో" అన్నాడు. అప్పటినుంచి ఎల్లన్నకు అన్నం సహించలేదు.

ముప్పై ఏళ్లుగా తెల్లవారుజామున నాలుగింటికి ఆ తంబూరా మోతకే లేస్తున్న భార్య మల్లమ్మ, బయల్దేరే రోజెందుకో దాని మీద ఎక్కడలేని ప్రేమ కురిపించింది. తన మంచి చీర తీసి చుట్టింది. కొంగులో పసుపు కలిపిన బియ్యం, ఖర్జూరాలు, వక్కలు, ఐదు కుడుకలు పోసి, బుర్ర చుట్టూ ముడేసింది.

"ఒడిబియ్యమెందుకే దానికి?" అన్నాడు ఎల్లన్న.

"ఇంట్లకెల్లి ఆడిబిడ్డ పోతుంటే ఉత్త ఒడితోని పంపుతమా? బుర్రకు మెత్తగ గుడ ఉంటది. దారిల ఒక్క గింజ రాలనియ్యకు."

ఇన్నాళ్లకు తంబూరా విలువ తెలిసొచ్చిందని ఎల్లన్న లోలోపల పొంగిపోయాడు.

విమానంలో తంబూరాకు వేరే సీటు కొన్నది, తోడుగా వస్తున్న మేనల్లుడు ప్రమోద్. కంప్యూటర్‌లో పేరడిగితే తంబూరా అని, ఇంటిపేరడిగితే ఎల్లన్న అని కొట్టాడు. ఇంటికొచ్చి ముప్పై ఏళ్లయింది కాబట్టి వయసు ముప్పై. మల్లమ్మ ఆడబిడ్డ అంటుంది కాబట్టి స్త్రీ. దాంతో నాగపూర్‌లో టికెట్లు చూసే అమిత్ అనే కుర్రాడు, "తంబూరా ఎల్లన్న కిధర్ హై?" అని అటూ ఇటూ చూశాడు.

"ఇగో, ఈమెనే" అన్నాడు ఎల్లన్న.

అమిత్ చీర కట్టుకుని నిలబడ్డ ఆ ఐదడుగుల ఆకారాన్ని చూసి, ఆధార్ కార్డు అడిగాడు. రెండేళ్లలోపు పిల్లలకైతే కార్డు అక్కర్లేదా అని ప్రమోద్ తెలివిగా అడిగాడు. అక్కర్లేదుగానీ, వాళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవాలన్నాడు అమిత్. వెనక వరసలో జనం గొణగడం మొదలైంది. చివరికి పై అధికారి వచ్చి, ఇది మనిషి కాదు సామానని రాసిమ్మన్నాడు. ప్రమోద్ రాసిచ్చాడు. మామ వాడి వంక గుర్రుగా చూశాడు.

తనిఖీ దగ్గర అసలు చిక్కొచ్చింది. అక్కడున్న ఆఫీసరు ప్రతిభ తెరలో చూసి, చీర ముడి విప్పించి, కుడుకలు పట్టుకుంది. "సుకం ఖోబరం చాలత్ నాహీ" అంది. ఎండుకొబ్బరికి తొందరగా నిప్పంటుకుంటుందట, విమానంలోకి రానియ్యరట. మొత్తం ముడి ఇక్కడే ఖాళీ చెయ్యమంది.

ఒక్క గింజ రాలనియ్యకన్న మాట ఎల్లన్న చెవిలో మోగింది. ఇంత దూరం వచ్చి అపశకునమైతే ఆ పగులు రానే వస్తుంది, తంబూరా పోనే పోతుంది. గనిలో పనిచేసేటప్పుడు మేనేజరు ముందు కూడా గొంతెత్తని మనిషి, వచ్చిన మరాఠీ అంతా కూడగట్టుకుని అందుకున్నాడు.

"తాయీ, హీ మాఝీ లేక్ ఆహే. నా బిడ్డ. ముప్పై ఏండ్లు సాదిన. ఇయ్యాల సాసరీ పోతున్నది, అత్తగారింటికి. తిచీ ఓటీ రికామీ కరూ నకా." ఒడి ఖాళీ చెయ్యొద్దని చెప్తూ చెప్తూ నిజంగానే ఏడ్చేశాడు.

వరసలో గొణిగిన ఆడవాళ్లే ఇప్పుడు కళ్లొత్తుకున్నారు. ప్రమోద్ ఫోనెత్తి వీడియో తీశాడు. ఒడి నింపడం మరాఠీ వాళ్లకూ ఉన్నదే. ప్రతిభ కుడుకలు మాత్రం తీసుకుని, వాటి బదులు తన టిఫిన్ డబ్బాలోని బెల్లంముక్క పెట్టి, ముడి మళ్లీ తనే వేసింది. "నీట్ జా పోరీ" అని తంబూరాకు జాగ్రత్త చెప్పింది. ఇంత గొప్ప ముచ్చట దాచుకోవడమెందుకని, ప్రమోద్ ఆ వీడియోను గురువుగారింటికి పంపించాడు.

సాయంత్రం అంజన్న చీర విప్పి, బుర్రంతా వేళ్లతో తడిమాడు. చెవి ఆనించి తీగ మీటాడు. తంబూరా జుమ్మంది.

"ఒక్క గీత లేదు. మంచిగ సాదినవ్. ఇగ నీదేరా ఎల్లన్నా" అన్నాడు.

ఎల్లన్న కాళ్లకు మొక్కి తంబూరా ఎత్తబోయాడు. గురువుగారి భార్య గంగవ్వ అడ్డమొచ్చింది.

"ఏడికి తీస్కపోతవ్? ఒడిబియ్యంతోని అత్తగారింటికి తోలిచ్చిన పిల్లను వచ్చిన పూటనే తీస్కపోతరా ఎవరన్న?"

"అది మల్లమ్మ ఊకెనే పోసిందమ్మా."

గంగవ్వ ఫోన్ తీసి ముందు పెట్టింది. అందులో ఎల్లన్న, ఇది నా బిడ్డ, అత్తగారింటికి పోతున్నదని నలుగురి ముందూ ఏడుస్తున్నాడు.

"నేను నీదే అన్నరా. నువ్వే ఇచ్చేస్తివి" అన్నాడు అంజన్న బాధగా. గంగవ్వ మాటకు ఎదురుచెప్పే వయసు ఆయనకు ఎప్పుడో దాటిపోయింది.

ఎల్లన్న బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసి, కొంప మునిగిందన్నాడు.

"మునుగుడేంది? పుట్టింటోళ్లు పిలిస్తే తోలియ్యరా?" అంది మల్లమ్మ. "ఏడాదికోపాలి పిలుద్దాం తీ."

ఆమె మాటల వెనక ఏదో బరువైనది ఈడుస్తున్న చప్పుడైంది.

"ఏందే గది?"

"ఏం లేదు. తంబూర మూల ఖాళీగున్నది గదా, కుట్టుమిషన్ జరుపుతున్న."

మర్నాడు మల్లమ్మ ఏడింటికి లేచింది.